నాన్న లిబర్టీ బెల్ వద్దన్నారు. ఫిలడెల్ఫియాలో గోడ బొమ్మలు ఎక్కడ చూపించాలి?

తెనాలి_టు_ఎక్స్‌టన్
అమ్మానాన్న వచ్చి మూడు వారాలైంది. న్యూయార్క్ అయింది, నయాగరా అయింది, గుడి మూడుసార్లు అయింది. పోయిన ఆదివారం ఫిలడెల్ఫియా తీసుకెళ్లా. లిబర్టీ బెల్ దగ్గర లైను చూసి నాన్న "పగిలిన గంటకి ఇంత లైనా" అని బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. రాకీ సినిమాలో కనపడే మ్యూజియం మెట్లు మోకాళ్ల వల్ల కుదరలేదు. సరే ఇంటికి పోదాం అని బయల్దేరితే, బ్రాడ్ స్ట్రీట్ మీద వెనక సీట్లోంచి "ఆపరా, ఆపరా" అని ఒకటే అరుపు. గుండె నొప్పేమోనని భయపడి బండి పక్కకి తీశా. చూస్తే ఎనిమిది అంతస్తుల గోడ మీద బొమ్మ! అద్దం దించి, మెడ బయట పెట్టి పదిహేను నిమిషాలు చూశారు. ఆ పదిహేను నిమిషాలకి నాకు పార్కింగ్ టికెట్ పడింది, అది వేరే కథ.

సంగతేంటంటే నాన్న తెనాలిలో ఆర్టిస్టు. సినిమా బ్యానర్లు, కటౌట్లు, షాపు బోర్డులు, ఎన్నికలప్పుడు గోడ రాతలు. ఫ్లెక్సీలు వచ్చేదాకా మా ఇల్లు దాని మీదే నడిచింది. అమెరికాలో ఆయన నోరు తెరిచి చూపించమని అడిగింది ఇదొక్కటే. డౌన్‌టౌన్‌లో ఇలాంటివి ఇంకా ఎక్కడున్నాయి? మైలు దాకా నడవగలరు, మధ్యలో కూర్చోవాలి. టూర్ బుక్ చేయాలా, మనమే తిరగొచ్చా?

గోంగూర_జెర్సీ
ముందు డౌన్‌టౌన్ అనడం మానెయ్ బ్రో. ఇక్కడ దాన్ని సెంటర్ సిటీ అంటారు. డౌన్‌టౌన్ అంటే కొత్తగా వచ్చావని తెలిసిపోతుంది.

తెనాలి_టు_ఎక్స్‌టన్
పదకొండేళ్లయింది వచ్చి 😭

సౌత్‌ఫిల్లీ_సుబ్బు
మీ నాన్నగారు ఆపించింది బ్రాడ్, స్ప్రింగ్ గార్డెన్ మూల మీద గోడ అయ్యుంటుంది. పేరు కామన్ థ్రెడ్స్. మెగ్ సాలిగ్మన్ అనే ఆవిడ 1998లో వేసింది. ఇప్పటి కుర్రాళ్లు పెద్దగా, వాళ్ల చుట్టూ పాతకాలం దుస్తుల్లో పింగాణీ బొమ్మలు, అదే కదా? ఆ పింగాణీ బొమ్మలు ఆవిడ అమ్మమ్మ ఇంట్లోవట. కుర్రాళ్లు ఆ దగ్గర్లోని హైస్కూళ్ల పిల్లలు. ఒక్కో పిల్ల నిలబడ్డ తీరు చూసి, అదే తీరులో ఉన్న పింగాణీ బొమ్మ ఎక్కడుందో వెతకాలి. పదిహేను నిమిషాలు సరిపోదు దానికి.

తెనాలి_టు_ఎక్స్‌టన్
అదే, అదే! థాంక్స్ సుబ్బన్నా. నాన్నకి చదివి వినిపించా. "ఆడమనిషి వేసిందా, అంత ఎత్తు సారవ ఎక్కిందా" అన్నారు. అమ్మ వంటింట్లోంచి "ఏం, ఎక్కకూడదా" అంది. ఇప్పుడు ఇంట్లో ఆ చర్చ నడుస్తోంది.

మాల్వర్న్_మహారాజు
నాకర్థం కాదు. ఇంత దూరం వచ్చిన పెద్దవాళ్లకి గోడల మీద గీతలు చూపిస్తారా? నేను సిటీలో పనిచేసి చెబుతున్నా, సగం గోడల మీద స్ప్రే డబ్బాలతో పిచ్చి రాతలే. లాంగ్‌వుడ్ గార్డెన్స్ తీసుకెళ్లండి, శుభ్రంగా పూలు చూసుకుంటారు.

నైట్‌షిఫ్ట్_నర్సమ్మ
మహారాజు గారూ, గ్రాఫిటీ అంటే దొంగచాటు గోడ రాతలు, మ్యూరల్ అంటే అనుమతితో వేసే గోడ బొమ్మ. ఇక్కడ రెండోదానికి ఊరు పూనుకున్నదే మొదటిదాన్ని ఆపడానికి. 1984లో అప్పటి మేయర్ విల్సన్ గూడ్ గ్రాఫిటీ మీద ఒక విభాగం పెట్టి, జేన్ గోల్డెన్ అనే ఆర్టిస్టుని పనిలోకి తీసుకున్నాడు. ఇకమీదట గోడలు పాడుచేయం అని సంతకం పెట్టిన పిల్లల మీద కేసులుండవు. ఆవిడ ఆ పిల్లల్నే కూర్చోబెట్టి బొమ్మలు వేయించింది. అదే తర్వాత మ్యూరల్ ఆర్ట్స్ అయింది. ఇప్పటికి ఊరు మొత్తం మీద 4,000 పైగా గోడలు వేశారు.

మాల్వర్న్_మహారాజు
దొంగకి తాళాలిచ్చారన్నమాట.

నైట్‌షిఫ్ట్_నర్సమ్మ
దొంగకి జీతం ఇచ్చారు అనండి. పని జరిగింది కదా.

బెజవాడ_బుల్లెట్
అసలు గ్రాఫిటీకి ఆద్యుడు ఈ ఊరివాడేనంటారు. కార్న్‌బ్రెడ్ అని పేరు, 1960ల చివర్లో ఊరంతా తన పేరు రాసుకుంటూ పోయాడు. కుర్రాళ్ల జైల్లో వంటవాడిని రోజూ కార్న్‌బ్రెడ్, అంటే మొక్కజొన్న రొట్టె, చేయమని సతాయిస్తే ఆ పేరొచ్చిందట. ఒకసారి పేపర్లో వాడు చచ్చిపోయాడని తప్పుగా వేశారు. వాడు జూలో దూరి ఏనుగు మీద "కార్న్‌బ్రెడ్ బతికే ఉన్నాడు" అని రాసొచ్చాడు.

గోంగూర_జెర్సీ
పేరు సంగతి సరే, ఏనుగు ఊరుకుందా?

బెజవాడ_బుల్లెట్
మన పార్టీల వాళ్లయితే ఏనుగు మీద కూడా "ఈ స్థలం 2029 వరకు రిజర్వు" అని రాసి వచ్చేవాళ్లు.

తెనాలి_టు_ఎక్స్‌టన్
😂 ఇది నాన్నకి చెబితే నవ్వలేదు, పాత బాధ గుర్తొచ్చింది. ఒకసారి రాత్రంతా కూర్చుని ఒక పార్టీ గుర్తు రాస్తే, తెల్లారేసరికి ఇంకో పార్టీ వాళ్లు సున్నం కొట్టేశారట. డబ్బులు మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకున్నారట, ఎందుకంటే ఆ సున్నం కొట్టింది మా బాబాయే.

సౌత్‌ఫిల్లీ_సుబ్బు
ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ఒక మైలులో అయిపోయే దారి చెబుతా. 13వ వీధి, లోకస్ట్ మూల దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ఫిలడెల్ఫియా మ్యూజెస్ ఉంది, అదీ సాలిగ్మన్‌దే, 1999. పాటకి, నాటకానికి ఒక్కొక్క దేవత అని గ్రీకుల లెక్క కదా, అలాంటి వాళ్లని ఈ కాలం మనుషుల్లా వేసింది. అక్కడి నుంచి 12వ వీధిలో మొరేవియన్ అనే సన్న సందు దగ్గర బిల్డింగ్ ది సిటీ. మైకేల్ వెబ్ వేశాడు. గోడ మీద గోడే వేశాడు, ఏది నిజం ఇటుకో ఏది రంగు ఇటుకో పోల్చుకోవడమే పని. తర్వాత సార్టెయిన్ అనే బుల్లి వీధిలో డేవిడ్ గిన్ వేసిన గార్డెన్ ఆఫ్ డిలైట్. అది ఆకుపచ్చ తోట, వీధి కూడా నిశ్శబ్దంగా ఉంటుంది, కాసేపు నిలబడొచ్చు. అక్కడి నుంచి చెస్ట్‌నట్ వీధిలో తూర్పుగా వస్తే 7, 8 వీధుల మధ్య లెగసీ. అది రంగు ఒక్కటే కాదు, పది లక్షల పైచిలుకు గాజు బిళ్లలు. 2006లో పెట్టారు, బానిసత్వం రద్దు గురించి.

దారంతా చదునే. కార్లో తిరగొద్దు. ఆ సందుల్లో పార్కింగ్ లేదు, ఉన్నా మీకు టికెట్ యోగం ఉంది.

మాజీ_తానా_వాలంటీర్
2023లో తానా సభలకి మూడు రోజులు కన్వెన్షన్ సెంటర్లోనే ఉన్నాం. 12వ వీధి మీదే. ఈ గోడలన్నీ పది, పదిహేను నిమిషాల నడక అని ఇప్పుడు తెలుస్తోంది. మేం హాలు, హోటలు, హాలు, హోటలు. సిగ్గుగా ఉంది.

చెర్రీహిల్_చిట్టి
సుబ్బు గారి లిస్టుకి ఒకటి కలుపుతా. 6వ వీధి, వాల్నట్ మూల మీద కర్టిస్ సెంటర్ అని పాత బిల్డింగ్. దాని లాబీలో డ్రీమ్ గార్డెన్ ఉంది. వీధి ఆర్ట్ కాదు, లోపలిది, కానీ గోడే. మాక్స్‌ఫీల్డ్ ప్యారిష్ గీసిన దృశ్యాన్ని టిఫనీ కంపెనీ గాజుతో కట్టింది, 1916లో. 49 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, లక్ష పైన గాజు ముక్కలు. 1998లో ఒక కాసినో ఆసామి కొనుక్కుపోబోతే ఊరు ఊరంతా గొడవ చేసి ఆపింది. ఏసీ ఉంటుంది, కూర్చోవచ్చు, పైసా ఖర్చు లేదు. వారంలో పనిరోజు వెళ్లండి, ఆఫీసు బిల్డింగ్ కాబట్టి.

తెనాలి_టు_ఎక్స్‌టన్
శుక్రవారం లీవ్ పెట్టేశా. అమ్మ రానంది. "గోడలు చూడ్డానికి నేనెందుకు, నన్ను కాస్ట్‌కోలో దింపండి" అంది.

గోంగూర_జెర్సీ
మీ అమ్మగారే కరెక్ట్.

మక్తా_పోరడు
అన్నా, ఇగ మన దగ్గర లేవనుకుంటున్నరా? హైదరాబాద్‌ల మా మక్తా చూడుండ్రి. ఖైరతాబాద్‌ల రాజ్‌భవన్ దగ్గర. 2016ల స్టార్ట్ ఇండియా ఫౌండేషనోళ్లు వచ్చి బస్తీ ఇండ్లకే బొమ్మలేసిండ్రు. మనోళ్లు స్వాతి, విజయ్ అని జంట ఉంటరు, తెలంగాణ ఆడోళ్ల బొమ్మలేస్తరు. ముక్కుపుడక, ముడతలు, కండ్లు... మా నానమ్మ లెక్కనే ఉంటది. మొదట్ల మా గల్లీల ఎవ్వరికీ అర్థం కాలే. తర్వాత కెమెరాలు పట్టుకొని పిల్లలొచ్చుడు మొదలైంది, మా పక్కింటాయన చాయ్ కొట్టు పెట్టిండు.

మాల్వర్న్_మహారాజు
అంటే చాయ్ కొట్టు కోసం బొమ్మలా?

మక్తా_పోరడు
చాయ్ చెడ్డదా అన్నా?

బెజవాడ_బుల్లెట్
కృష్ణా పుష్కరాలప్పుడు మా బెజవాడ గోడలకి కూడా వేశారు. మొదటి ఏడాది కళకళలాడాయి. తర్వాత వాటి మీద కోచింగ్ సెంటర్ పోస్టర్లు. కూచిపూడి భంగిమలో ఉన్న అమ్మాయి మొహం మీద "ఇంటర్ ఫెయిలైన వారికి సువర్ణావకాశం".

పొట్స్‌టౌన్_పంతులు
ఒక సందేహం. మన ఊళ్లలో ఇంత పెద్ద ఖాళీ గోడ కనపడదు కదా. ప్రతి గోడకీ కిటికీ ఉంటుంది, లేదా పక్కిల్లు ఆనుకుని ఉంటుంది. ఇక్కడ ఇన్ని మొండి గోడలు ఎలా వచ్చాయి?

సౌత్‌ఫిల్లీ_సుబ్బు
మంచి ప్రశ్న పంతులు గారూ. ఇక్కడివి రో హౌసులు. ఇల్లూ ఇల్లూ అతుక్కుని రైలుపెట్టెల్లా ఉంటాయి. ఫ్యాక్టరీలు మూతపడి, జనం వెళ్లిపోయి, వరసలో ఒక ఇల్లు పాడైతే కూల్చేస్తారు. అప్పుడు పక్కింటి గోడ బయటపడుతుంది. అది రెండిళ్ల మధ్య గోడ, కిటికీ ఉండదు. మూడంతస్తుల ఖాళీ గోడ, దాని ముందు ఖాళీ స్థలం, చూడ్డానికి కావాల్సినంత దూరం. అంటే ఈ బొమ్మల్లో చాలావాటి కింద ఒక పోయిన ఇల్లు ఉంటుంది. అందుకే అవి పోవడం కూడా అలాగే పోతాయి. స్థలం రేటు పెరగ్గానే అక్కడ కొత్త బిల్డింగ్ లేస్తుంది, బొమ్మ మళ్లీ రెండు గోడల మధ్య మూసుకుపోతుంది. మా వీధి చివర ఉన్నది అలాగే పోయింది. నాలుగు నెలల్లో అంతస్తు అంతస్తుగా మునిగిపోయింది. చివరికి ఒక చెట్టు కొమ్మా, పిట్ట తోకా మిగిలాయి, ఒక సోమవారం అవీ లేవు.

మాల్వర్న్_మహారాజు
ఇది మాత్రం నాకు తెలియదు.

లాయర్_గిరి
చట్టం సంగతి ఒక ముక్క. అమెరికాలో 1990 నాటి చట్టం ఒకటుంది, గుర్తింపు ఉన్న కళాకృతిని ఓనరు తన ఇష్టమొచ్చినట్టు నాశనం చేయకూడదు. న్యూయార్క్ క్వీన్స్‌లో 5 పాయింట్స్ అని గ్రాఫిటీతో నిండిన పాత ఫ్యాక్టరీ ఉండేది. 2013లో ఓనరు రాత్రికి రాత్రి తెల్ల రంగు కొట్టించేశాడు. 2018లో జడ్జి 21 మంది ఆర్టిస్టులకి 67.5 లక్షల డాలర్లు కట్టమన్నాడు. పై కోర్టు కూడా 2020లో అదే ఖాయం చేసింది. కాకపోతే ముందే ఆర్టిస్టు హక్కులు వదులుకుని సంతకం పెడితే వేరే లెక్క.

తెనాలి_టు_ఎక్స్‌టన్
నాన్నకి ఇది చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ బాబాయి మీద కేసు వేయొచ్చంటావా" అన్నారు.

గోంగూర_జెర్సీ
😂😂😂

నైట్‌షిఫ్ట్_నర్సమ్మ
ఒక మాట. అన్ని గోడలూ అందరికీ నచ్చవు కూడా. ఇటాలియన్ మార్కెట్లో ఫ్రాంక్ రిజ్జో అని పాత మేయర్ బొమ్మ ఉండేది, 1995లో వేశారు. అంతకుముందు ఆయన పోలీసు కమిషనర్. నల్లవాళ్లకి ఆయన పేరు చెబితే మంట. ఎన్నిసార్లు ఆ మొహం మీద రంగు కొట్టారో, అన్నిసార్లు మళ్లీ సరిచేశారు. 2020 జూన్‌లో మొత్తం చెరిపేశారు. గోడ మీద ఎవరి మొహం ఉండాలి అనేదే పెద్ద గొడవ.

బెజవాడ_బుల్లెట్
మన దగ్గర సెంటర్‌కో విగ్రహం ఉంది, దానికి రాత్రిళ్లు కాపలా పోలీసు ఉన్నాడు. మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

తెనాలి_టు_ఎక్స్‌టన్
శుక్రవారం రిపోర్టు. లంచ్ బ్రేక్‌లో బెంచీ మీద కూర్చుని ఫోన్లో కొడుతున్నా, తప్పులుంటే క్షమించండి.

ట్రెయిన్‌లో వచ్చాం. మ్యూజెస్ దగ్గర నాన్న రోడ్డుకి అవతల నిలబడ్డారు, తర్వాత గోడ కిందకి వెళ్లారు, మళ్లీ అవతలకి. మూడుసార్లు సిగ్నల్ దాటించారు నన్ను. ఏంటి నాన్నా అంటే చెప్పారు: కటౌట్ వేసేటప్పుడు ఫోటో ఉన్నది ఉన్నట్టు పెద్దది చేస్తే పనికిరాదట. కింద నుంచి చూసేవాడికి గడ్డం పెద్దగా, నుదురు చిన్నగా కనపడుతుంది. అందుకని వీళ్లు నుదురు గడిలో ఒక జానెడు ఎక్కువ పెంచేవాళ్లు. దగ్గరగా చూస్తే హీరో బుర్ర గుమ్మడికాయలా ఉండేదట, రోడ్డు మీంచి చూస్తే సరిగ్గా దిగేది. కొత్తగా చేరిన కుర్రాడికి ఇది తెలియక ఒక పెద్ద హీరోని నుదురు లేకుండా వేశాడట, ఫ్యాన్స్ కొట్టడానికి వచ్చారట. "ఈవిడకి ఆ లెక్క తెలుసు" అని సర్టిఫికెట్ ఇచ్చారు.

బిల్డింగ్ ది సిటీ దగ్గర నేను మోసపోయా, ఆయన పోలేదు. నీడ ఎటు పడిందో చూడమన్నారు. నిజం నీడ కదులుతుంది, వేసిన నీడ కదలదు. ఐదు నిమిషాలు ఆగితే దొరికిపోతుంది.

ఇప్పుడొక డౌటు. ఆ తర్వాత ఒక సందులో ఇంకో గోడ కనపడింది, పేరు బోర్డు లేదు. నాన్న వేలితో తడిమి, ఒక చోట గోరు పెట్టి "ఇది గోడ మీద వేసింది కాదురా, అతికించింది" అన్నారు. నిజంగానే ఒక అంచు కాస్త లేచి ఉంది, గుడ్డలా. గోడకి గుడ్డ అంటించి బొమ్మ వేస్తారా? ఎవరికైనా తెలుసా?

నైట్‌షిఫ్ట్_నర్సమ్మ
మీ నాన్నగారికి దండం. అవును, గుడ్డే. ఇక్కడి వాళ్లు పారాచూట్ క్లాత్ అంటారు. నేను ఒకసారి మ్యూరల్ ఆర్ట్స్ వాళ్ల పెయింట్ డేకి వెళ్లా, మా హాస్పిటల్ నుంచి పదిమందిమి. పల్చటి తెల్ల గుడ్డ, నేత ఉండదు, మాస్క్ గుడ్డలా ఉంటుంది. ఐదడుగుల చదరాలుగా కోసి బల్లల మీద పరుస్తారు. దాని మీద ముందే గీతలు గీసి, ఒక్కొక్క భాగంలో నంబరు వేసి ఉంటుంది. 14 అంటే ఫలానా నీలం. మనం ఆ రంగు నింపడమే. పిల్లలు, ముసలివాళ్లు, బొమ్మ వేయడం రానివాళ్లు అందరూ వేయొచ్చు. తర్వాత ఆర్టిస్టులు మెరుగులు దిద్ది, గోడకి యాక్రిలిక్ జెల్ పూసి వాల్‌పేపర్‌లా అంటిస్తారు. సరిగ్గా అంటిస్తే గోడలో కలిసిపోతుంది, అతుకు తెలియదు. మీ నాన్నగారికి తెలిసిందంటే అది చేయి.

ఇంకో విషయం. జైల్లో ఉన్నవాళ్లు కూడా ఇలా వేస్తారు. వాళ్లు బయటికి రాలేరు కదా, గుడ్డ వస్తుంది. గ్రేటర్‌ఫోర్డ్ జైల్లో ఏళ్ల తరబడి ఈ పని నడిచింది.

పొట్స్‌టౌన్_పంతులు
నంబరు ప్రకారం రంగు నింపడం కళ ఎలా అవుతుంది అమ్మా?

నైట్‌షిఫ్ట్_నర్సమ్మ
ముగ్గులో చుక్కలు పెట్టేది ఒకరు, రంగులు నింపేది వీధి పిల్లలు. ముగ్గు ఎవరిదంటారు పంతులు గారూ?

పొట్స్‌టౌన్_పంతులు
మా ఆవిడదే అంటుంది.

తెనాలి_టు_ఎక్స్‌టన్
నర్సమ్మగారు రాసింది నాన్నకి చదివా. వెంటనే "మేమూ అంతే కదరా" అన్నారు. రిలీజుకి ముందు రాత్రి బ్యానర్ గుడ్డ హాలు వెనక నేల మీద పరిచేవాళ్లు. ఫోటో మీద గళ్లు, గుడ్డ మీద గళ్లు. సుద్దపొడి పూసిన దారం ఇద్దరు రెండు కొసలు పట్టుకుని లాగి వదిలితే గీత పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ కుర్రాళ్లది, చీరలు ఇంకొకరివి, అక్షరాలు ఇంకొకరివి. మొహాలు మాత్రం మేస్త్రివి. మొహాల్లో కూడా కళ్లు ఆఖర్న, తెల్లవారుజామున టీ తాగొచ్చి వేసేవారట. నేను చిన్నప్పుడు ఆ గుడ్డ మీదే ఒక మూల పడుకునేవాణ్ణట. నాకు గుర్తులేదు, రంగు వాసన మాత్రం గుర్తుంది.

చెర్రీహిల్_చిట్టి
డ్రీమ్ గార్డెన్ చూశారా లేదా?

తెనాలి_టు_ఎక్స్‌టన్
చూశాం అండి. అక్కడే గంట కూర్చున్నారు. ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు మాత్రం "గాజు వెలిసిపోదు కదా" అన్నారు. లెగసీ దగ్గర కూడా బిళ్లలే తడిమారు.

గోంగూర_జెర్సీ
లిబర్టీ బెల్ అక్కడి నుంచి రెండు అడుగులు. వెళ్లారా?

తెనాలి_టు_ఎక్స్‌టన్
లైను లేదు. అడిగా. "చూశాం కదరా" అన్నారు. ఎప్పుడు చూశారు? ఆరోజు అద్దంలోంచి, మనుషుల తలల మధ్య.

మక్తా_పోరడు
మ్యాజిక్ గార్డెన్స్ పోలేదా అన్నా? ఫోటోలు చూసినా, కతర్నాక్ ఉంది.

సౌత్‌ఫిల్లీ_సుబ్బు
అది సౌత్ స్ట్రీట్ మీద, 10వ వీధి దాటాక. ఐజయా జేగర్ 1994లో తన స్టూడియో పక్క ఖాళీ స్థలంలో మొదలుపెట్టి పద్నాలుగేళ్లు కట్టాడు. పగిలిన అద్దాలు, సీసాలు, సైకిల్ చక్రాలు, టైల్సు. స్థలం ఆయనది కాదు. 2002లో బోస్టన్‌లో ఉండే ఓనరు అమ్ముతానంటే, జనం డబ్బులు పోగేసి సంస్థ పెట్టి నిలబెట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఆయన అద్దాల గోడలు ఇంకా బోలెడు, వాటికి టికెట్ లేదు. లోపలికి మాత్రం టికెట్ ముందే కొనుక్కోండి, మంగళవారం వెళ్లకండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి లోపల నేల ఎగుడుదిగుడు, చూసుకోండి.

మాల్వర్న్_మహారాజు
పగిలిన సీసాలకి టికెట్టు. సరే, నేనేం అనను. కానీ ఒక్కటి అడుగుతా. బొమ్మలు వేసినంత మాత్రాన ఆ పేటలు బాగుపడ్డాయా? బొమ్మ వేసిన వీధిలో గుంటలు అలాగే ఉన్నాయి.

సౌత్‌ఫిల్లీ_సుబ్బు
ఇందులో నేను మీతోనే ఉన్నా. బొమ్మ గుంట పూడ్చదు. కొన్నిచోట్ల బొమ్మ వచ్చాక కాఫీ షాపు వచ్చింది, తర్వాత అద్దె పెరిగింది, బొమ్మలో ఉన్న జనం ఆ వీధిలో లేరు. కానీ మా వీధి బొమ్మ పోయాక గుంట మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు బొమ్మా లేదు.

నైట్‌షిఫ్ట్_నర్సమ్మ
మీ నాన్నగారికి అసలుది ఇంకా చూపించలేదు మీరు. లవ్ లెటర్ రైలు ఎక్కించండి. వెస్ట్ ఫిలడెల్ఫియాలో ఎల్ లైను వంతెన మీద పోతుంది, 45వ వీధి నుంచి 63వ వీధి దాకా ఇళ్ల కప్పుల ఎత్తులో. 2009లో స్టీవ్ పవర్స్ అనే ఆయన ఆ గోడల మీద 50 బొమ్మలు వేశాడు. అన్నీ కలిపి ఒక ప్రేమలేఖ. ఎక్కువ అక్షరాలే, పాతకాలం షాపు బోర్డుల పద్ధతి. ఒకప్పుడు ఆయన అదే పేటలో దొంగచాటుగా గ్రాఫిటీ రాసిన కుర్రాడు, తర్వాత బోర్డులు రాసే పని పట్టాడు. కిటికీ దగ్గర కూర్చోండి. దిగక్కర్లేదు, నడవక్కర్లేదు, మోకాళ్లకి హాయి.

బెజవాడ_బుల్లెట్
ప్రేమలేఖలో ఏం రాశాడు?

నైట్‌షిఫ్ట్_నర్సమ్మ
ఒకచోట "యాభై రెండో వీధిలో కలువు, యాభై సెకన్లకైనా" అని ఉంటుంది. 52వ వీధి స్టేషన్ దగ్గర్లోనే. నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతూ ఇది చదివిన రోజున మా ఆయనకి ఫోన్ చేశా. ఆయన "పాలు తెస్తున్నావా" అన్నాడు.

గోంగూర_జెర్సీ
యాభై సెకన్లలో కాల్ కట్ అయిందా 😂

తెనాలి_టు_ఎక్స్‌టన్
ఆదివారం రైలు ఎక్కాం. ఈసారి అమ్మ కూడా వచ్చింది, ప్రేమలేఖ అన్నానని. 69వ వీధి దాకా వెళ్లి, దిగకుండా అదే రైల్లో వెనక్కి, మళ్లీ ఇంకోసారి. నాన్నకి ఇంగ్లీషు చదవడం వచ్చు, అర్థం పెద్దగా రాదు. ఆయన లేఖ చదవడం లేదు, అక్షరాలు చూస్తున్నారు. ఎస్ అక్షరం పొట్ట ఎలా తిప్పాడో గాల్లో వేలితో రాస్తున్నారు. ఎదురుగా కూర్చున్న నల్లాయన చూసి నవ్వి, "సైన్ పెయింటరా?" అని అడిగాడు. నాన్నకి ఆ రెండు ముక్కలూ అర్థమయ్యాయి. "యెస్, యెస్, ఫార్టీ ఇయర్స్" అన్నారు. ఆయన లేచి చెయ్యి కలిపాడు, 52వ వీధిలో దిగిపోయాడు.

అమ్మ మాత్రం ఒకటే అడిగింది. "ఆ అమ్మాయి జవాబు రాసిందా?"

చెర్రీహిల్_చిట్టి
అది అసలైన ప్రశ్న.

తెనాలి_టు_ఎక్స్‌టన్
ఇప్పుడు కొత్త సమస్య. నాన్నకి నంబర్ 12 ఫ్లాట్ బ్రష్, ఎనామెల్ పెయింట్ కావాలట. హార్డ్‌వేర్ షాపులో ఇంటికి వేసే బ్రష్‌లు చూపిస్తే చీపురులా ఉన్నాయన్నారు. అక్షరాలు రాసే బ్రష్ ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?

లాయర్_గిరి
ఆర్ట్ సామాన్ల షాపులో సైన్ పెయింటింగ్ బ్రష్‌లు అని అడగండి. ఇంతకీ ఎక్కడ వేస్తారు? బయట గోడ అయితే ముందు మీ హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం, రూల్స్ చదువుకోండి. మా కాలనీలో తలుపుకి నీలం రంగు వేసినందుకు ఒకాయనకి మూడు నోటీసులు పంపారు.

తెనాలి_టు_ఎక్స్‌టన్
గరాజ్ లోపల గోడ. ఇందాక ఆఫీసు నుంచి వచ్చేసరికి సుద్ద గీతలు పడి ఉన్నాయి. లెక్కపెట్టా, అడ్డం ఎనిమిది గళ్లు, నిలువు ఆరు. అమ్మ ఒక కొస పట్టుకుందట. మా ఆవిడ ఇంకా చూడలేదు.

బెజవాడ_బుల్లెట్
ఏం బొమ్మ?

తెనాలి_టు_ఎక్స్‌టన్
అడిగితే చెప్పడం లేదు. కారు బయట పెట్టుకోమన్నారు, నెల రోజులు.

మాల్వర్న్_మహారాజు
నా దగ్గర అల్యూమినియం నిచ్చెన ఉంది, పన్నెండు అడుగులది. కావాలంటే శనివారం తెస్తా.

తెనాలి_టు_ఎక్స్‌టన్
తప్పకుండా తీసుకురండి అండి. గిరి గారూ, హెచ్‌ఓఏ వాళ్లు గరాజ్ లోపలి గోడ గురించి కూడా అడుగుతారా?

లాయర్_గిరి
తలుపు మూసుకోండి.